తగ్గినట్టే తగ్గే చెవి

పిల్లల్లో నూటికి ఎనభై మందికి మూడో ఏడు నిండేలోపు ఒక్కసారైనా చెవిలో ఇన్‌ఫెక్షన్ వస్తుందని డాక్టర్ల లెక్క. తల్లుల లెక్క ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి పోయే యూస్టేషియన్ నాళం పెద్దవాళ్లలో పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. పసివాళ్లలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు ముక్కులోని సూక్ష్మజీవులు ఆ దారిన చెవిలోకి చేరడం తేలిక. నాళం వాచి మూసుకుపోతుంది, లోపల నీరు చేరి చీము పడుతుంది, కర్ణభేరి ఉబ్బుతుంది, పిల్లాడు అర్ధరాత్రి లేచి ఇల్లంతా లేపుతాడు. ఒక్కోసారి కర్ణభేరికి చిల్లు పడి చీము బయటికి కారిపోతుంది. నొప్పి పోతుంది. పొద్దున్నే వాడు ఆడుకుంటూ ఉంటాడు, నిద్ర లేనిది మిగతావాళ్లకే. ఆ చిల్లు చాలామందిలో దానంతటదే పూడుకుంటుంది.

పూడుకోనివాళ్లలో చెవి కారడం నెలలు, ఏళ్లు సాగుతుంది. ఇలా చెవి కారేవాళ్లు ప్రపంచంలో ఆరున్నర కోట్ల నుంచి 33 కోట్ల దాకా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో అంచనా వేసింది. కింది అంకెకూ పై అంకెకూ అయిదు రెట్లు తేడా. కారే చెవిని ఎవరూ కూర్చుని సరిగ్గా లెక్కపెట్టలేదని దానర్థం. ఈ బాధ బాగా ఎక్కువగా ఉన్న దేశాల వరసలో మనదీ ఉంది.

ఇంత మామూలు జబ్బు కాబట్టి దీనికి ప్రతి ఇంట్లోనూ ఓ వైద్యం ఉంది, ప్రతి ఇంట్లోనూ ఓ ముద్దాయి ఉన్నాడు. వైద్యం: వెల్లుల్లి రెబ్బలు వేసి కాచిన కొబ్బరినూనె. ముద్దాయి: తలస్నానం, ఐస్‌క్రీమ్, ఫ్యాన్‌గాలి, ఈ మూడింట్లో ఎవరు దొరికితే వాళ్లు. కర్ణభేరికి చిల్లున్న చెవిలో నూనె పోస్తే మంచి జరగదు. ఆ సంగతి వదిలేసినా, నూనె పోసిన చెవి చాలాసార్లు ఎలాగూ తగ్గే చెవే. కీర్తి నూనెకు దక్కుతుంది.

ఈ కారే చెవుల గుంపులో, వేలమందిని చూసిన డాక్టరుకు కూడా సర్వీసు మొత్తంలో ఒకటో రెండో తగిలే చెవి ఒకటుంటుంది. చాలామందికి అసలు తగలదు. బయటికి అదే చీము, అదే వాసన, అదే ఏడుపు. లోపల ఉన్నది మాత్రం కంతి.

పిల్లల చెవిలో వచ్చే క్యాన్సర్లలో ముందుగా చెప్పుకోవలసింది రాబ్డోమయోసార్కోమా. పిండదశలో కండరంగా తయారు కావలసిన కణాలు ఆ పని సగంలో ఆపేసి, పెరగడం మాత్రం ఆపకపోతే వచ్చేది ఇది. పిల్లల క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే నూటికి మూడు నాలుగు ఇవే ఉంటాయి. వాటిలో మూడో వంతుకు పైగా తల, మెడ భాగాల్లో వస్తాయి: కంటిగూట్లో, ముక్కు వెనక, సైనస్‌లలో. చెవి వాటా అందులోనూ చిన్నదే. మధ్యచెవిలో ఎముకలను కదిలించే బుల్లి కండరాలు రెండున్నాయి, స్టెపీడియస్ అనేది ఒంట్లోకెల్లా చిన్న కండరం. కంతి వాటిలోంచే పుడుతుందనుకోవడం సహజం. అయితే ఇదే క్యాన్సర్ మూత్రాశయంలోనూ పిత్తనాళంలోనూ వస్తుంది. అలాంటి కండరం అక్కడ మచ్చుకైనా ఉండదు. కాబట్టి స్టెపీడియస్ మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు. చెవిలో దీని బారిన పడేది ఎక్కువగా బడి ఈడు రాని పిల్లలు, లేదా అప్పుడప్పుడే బడికి పోతున్నవాళ్లు. అంటే చెవిపోట్లు మామూలుగా వచ్చే వయసే.

కంతి ఎంత ఉందన్న దానికంటే ఎక్కడుందన్నదే ఇక్కడ పెద్ద సమస్య. మధ్యచెవి మహా అయితే ఒక మిల్లీలీటరు గాలి పట్టే గది. దాని పైకప్పు పలచటి ఎముక; ఆ పైన మెదడు పొరలు. ముఖాన్ని కదిలించే నరం ఓ సన్నటి ఎముక కాలువలో ఈ గది గోడ వెంటే పోతుంది. ముందు వైపు మెదడుకు రక్తం తీసుకుపోయే ధమని, కింద అక్కణ్ణుంచి రక్తం తెచ్చే పెద్ద సిర, వెనక చెవి వెనక ఎముకలోని గాలి గదులు. ఇంత ఇరుకులో పెరిగే కంతి ఏ పక్కకు పోయినా పాడు చెయ్యడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అయితే ఇది మామూలు ఇన్‌ఫెక్షన్‌లా ఎందుకు కనిపిస్తుంది? దీనికి మామూలుగా చెప్పే జవాబు, లక్షణాలు ఒకేలా ఉంటాయని. అది సగం జవాబు. లక్షణాలు ఒకటే అయినా, మందుకు లొంగకపోతే రెండు మూడు వారాల్లో ఎవరికైనా అనుమానం రావాలి. కానీ ఈ చెవి లొంగుతుంది. పూర్తిగా కాదు, కాస్త. ఆ కాస్తలోనే ఉంది చిక్కంతా.

కాలవకు అడ్డంగా దుంగ పడిందనుకోండి. దాని వెనక ఆకూ అలమూ పేరుకుంటాయి, నీళ్లు మురుగుతాయి, కంపు కొడుతుంది. చెత్త ఎత్తిపోస్తే నీళ్లు కాస్త కదులుతాయి, కంపు తగ్గుతుంది. దుంగ అక్కడే ఉంటుంది. కంతి మధ్యచెవిలో దారి మూసేస్తే దాని వెనక నిలవ ఉన్న ద్రవంలో నిజంగానే సూక్ష్మజీవులు చేరతాయి. అది నిజం ఇన్‌ఫెక్షనే. చీము పరీక్షకు పంపితే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఏ మందు పనిచేస్తుందో రిపోర్టూ వస్తుంది. యాంటీబయాటిక్ ఆ ఇన్‌ఫెక్షన్‌ను తగ్గిస్తుంది. వాసన పోతుంది, జ్వరం తగ్గుతుంది, పిల్లాడు రెండు రాత్రులు పడుకుంటాడు. "ఏమ్మా, ఎలా ఉంది?" అని డాక్టరు అడిగితే, "తగ్గినట్టే ఉందండీ" అంటుంది తల్లి. ఆమె అబద్ధం చెప్పలేదు, డాక్టరు తప్పు వినలేదు. వారం పోయాక మళ్లీ మొదలవుతుంది. మందు మారుస్తారు. మళ్లీ కాస్త తగ్గుతుంది.

స్టెరాయిడ్ కలిసిన చెవి చుక్కలు ఈ అయోమయాన్ని ఇంకాస్త పెంచుతాయి. వాచిన కణజాలం ఏదైనా సరే స్టెరాయిడ్‌కు కుంచించుకుంటుంది. చుక్కలు వేసినన్నాళ్లు చెవి మార్గం తెరుచుకున్నట్టు కనిపిస్తుంది.

మూడేళ్ల పిల్లాణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. కుడి చెవి కారుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షనూ అయిదు రోజుల సిరప్పూ అయ్యాయి. తగ్గినట్టే తగ్గింది. మండలంలో పిల్లల డాక్టరు ఇంకో సిరప్ రాశాడు. జిల్లా కేంద్రంలో చెవి డాక్టరు చుక్కలు రాశాడు. తర్వాత అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఇంకొకరు. వీళ్లలో ఎవరూ నిర్లక్ష్యం చెయ్యలేదు. ప్రతివాళ్లూ తమ ముందున్న చెవికి మొదటి వైద్యం సరిగ్గానే చేశారు. అదే ఇబ్బంది: నలుగురూ మొదటి వైద్యమే చేశారు. ప్రతి కొత్త గుమ్మం దగ్గరా గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. మందుల చీటీలు ఓ ప్లాస్టిక్ కవరులో మడతలు పడి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో చేతిరాత, సగం వాటి మీద తేదీ ఉండదు. వాటిని వరసగా పేర్చి చూస్తే ఒకే చెవి మూడు నెలలుగా ఎండలేదని రెండు నిమిషాల్లో తెలుస్తుంది. పేర్చే రెండు నిమిషాలు ఓపీలో ఎవరికుంటాయి?

పిల్లాడి వైపు నుంచి కూడా సాయం అందదు. ఒక చెవి బాగా వినిపిస్తుంటే రెండోది పోయిన సంగతి మూడేళ్లవాడికి తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు. పిలిస్తే పలుకుతాడు. పలకనప్పుడు మొండివాడంటారు.

ఈ దశలో గడియారాన్ని గుర్తుచేసే అంకె ఒకటి ఇప్పటికే ఉంది. పల్లెల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పే పద్ధతిలో 14 రోజులు సరిహద్దు. అంతలోపు కారితే తాజా ఇన్‌ఫెక్షన్, దాటితే దీర్ఘకాలికం. దాటినవాళ్లకు శుభ్రమైన గుడ్డను వత్తిలా చుట్టి చెవిని ఆరబెట్టడం, రెండు వారాలు క్వినలోన్ జాతి చుక్కలు, మధ్యలో మళ్లీ చూపించుకోవడం. నోటి యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు అందులో లేవు. ఆరబెట్టి, చుక్కలు సరిగ్గా వేసి, అయినా ఎండని చెవి అంటే మైక్రోస్కోపు కింద చూడవలసిన చెవి. ఇది క్యాన్సర్ కోసం పెట్టిన నియమం కాదు. చెవి వెనక ఎముకను తినేసే కొలెస్టియటోమా అనే జబ్బు కూడా ఇలాగే దాక్కుంటుంది, అది ఇంతకంటే చాలా ఎక్కువమందిలో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి చూసే చూపులోనే ఇదీ పడుతుంది.

చీము సక్షన్‌తో లాగేశాక చెవి మార్గంలో ఎర్రగా, తడిగా, ముట్టుకుంటే రక్తం వచ్చే కండ కనిపించవచ్చు. మనవాళ్లు "చెవిలో కండ పెరిగింది" అంటారు, డాక్టర్లు పాలిప్ అంటారు. ఎక్కువసార్లు అది పాత ఇన్‌ఫెక్షన్ వల్ల పెరిగిన కండే. కంటితో చూసి ఇది అదా, ఇదా అని చెప్పగలిగేవాళ్లు లేరు. చెప్పగలనని అనేవాళ్లకు కొంచెం దూరంగా ఉండటం మంచిది. పట్టుకుని లాగెయ్యడం కూడా కుదరదు. దాని వేరు చెవి ఎముకలకో ముఖ నరానికో అంటుకుని ఉండవచ్చు. పిల్లాడికి మత్తిచ్చి, లోతుగా ముక్క తీసి, ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపాలి. లోతుగా అన్నది ఊరికే అన్న మాట కాదు. కంతి పైపొర చీములో నానుతూ ఉంటుంది కాబట్టి, అంచున గిల్లిన ముక్కలో వాపు కణాలు మాత్రమే కనిపించి, "ఇన్‌ఫెక్షన్ వల్ల పెరిగిన కండ" అని రిపోర్టు రావచ్చు. ఆ కాగితం చేతికొచ్చాక ఇంకో మూడు నెలలు హాయిగా గడిచిపోతాయి. రిపోర్టు ఒకటి చెబుతూ చెవి ఇంకోటి చెబుతుంటే, నమ్మవలసింది చెవిని. ఇంకో ముక్క తియ్యాలి.

ముక్క పరీక్ష అనగానే ఇంట్లో ఒకరు కచ్చితంగా అభ్యంతరం చెబుతారు: కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందట. పాకేది కత్తి వల్ల కాదు, కత్తి పెట్టకుండా గడిపిన నెలల వల్ల. ఇంకా చిత్రం, తీసిన కండను పరీక్షకు పంపకుండా పారేసే సందర్భాలూ ఉంటాయి. పిల్లల చెవిలోంచి తీసిన కండ ఎంత మామూలుగా కనిపించినా సరే పాథాలజీకి పోవాల్సిందే. అలా పంపిన వందలో తొంభై తొమ్మిది మామూలువే అని తేలితే అది డబ్బు దండగ అని నేననుకోను.

రాబ్డోమయోసార్కోమా అయితే సూక్ష్మదర్శినిలో నీలంగా రంగు పట్టిన చిన్న గుండ్రటి కణాలు గుంపులుగా కనిపిస్తాయి. అంతమాత్రాన పేరు ఖాయం కాదు. లింఫోమా, న్యూరోబ్లాస్టోమా, ఈవింగ్ సార్కోమా కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. డెస్మిన్, మయోజెనిన్ అనే ప్రొటీన్లు కండర జాతి కణాల్లో ఉంటాయి. వాటికి ప్రత్యేకంగా రంగు వేసి చూసి ఖాయం చేస్తారు. ఫాక్స్‌ఓ1 అనే జన్యువు తెగి ఇంకో జన్యువుతో అతుక్కుందా అని కూడా చూస్తారు. అతుక్కోని రకం వైద్యానికి మెరుగ్గా లొంగుతుంది. చెవిలో వచ్చేవి ఎక్కువగా ఆ రకమే.

ఇక స్కాన్. సీటీలో చీమూ బూడిద రంగే, కంతీ బూడిద రంగే. చెవి వెనక ఎముకలోని గాలి గదులు నిండిపోయి కనిపిస్తే మాస్టాయిడైటిస్ అని రాస్తారు, చాలాసార్లు అది నిజం. ఎముక తినేసి ఉంటే అనుమానం పెరుగుతుంది, అయితే ముదిరిన ఇన్‌ఫెక్షన్ కూడా ఎముకను తింటుంది. రంగుమందు ఎక్కించి తీసిన ఎమ్మారైలో ద్రవం వేరుగా, మందు పీల్చుకున్న గట్టి కణజాలం వేరుగా తెలుస్తాయి. మెదడు పొరల దాకా పోయిందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది.

మూతి వంకరపోవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దానికి మన దగ్గర సిద్ధంగా ఓ కారణం ఉంది: గాలి సోకింది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టారు, అందుకే. ఆస్పత్రిలో దీనికి ఇంకాస్త గౌరవమైన పేరు ఉంది, బెల్స్ పాల్సీ. ఏ కారణమూ దొరకనప్పుడు పెట్టవలసిన పేరది. చెవి కారుతూ అదే వైపు మూతి వంకరపోయిన పిల్లాడి విషయంలో కారణం దొరకలేదనడం అన్యాయం, చెవిలోనే కూర్చుని ఉందది. ఇన్‌ఫెక్షనే ముఖ నరాన్ని నొక్కి ఉండవచ్చు, కంతి అయి ఉండవచ్చు. ఏదైనా సరే, ఆ రోజే చెవి డాక్టరు ఉన్న ఆస్పత్రికి పోవలసిన పని. బెల్స్ పాల్సీ అనుకుని ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌తో ఇంకో పేచీ ఉంది. అది తెలియాలంటే రెండో జబ్బు సంగతి తెలియాలి.

లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్. పలకడానికి ఇబ్బందైతే ఎల్‌సీహెచ్ అందాం, డాక్టర్లూ అంతే అంటారు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఏడాదికి పది లక్షల మందిలో నాలుగైదుగురికి వస్తుంది. 1953లో దీనికి హిస్టియోసైటోసిస్ ఎక్స్ అని పేరు పెట్టారు; ఎక్స్ అంటే ఏమిటో మాకు తెలియదని. వైద్యశాస్త్రం ఇంత నిజాయితీగా పేరు పెట్టిన సందర్భాలు తక్కువ. తర్వాత ఈ కణాలు చర్మంలో ఉండే లాంగర్‌హాన్స్ కణాలను పోలి ఉన్నాయని తేలి పేరు మారింది. పౌల్ లాంగర్‌హాన్స్ 1868లో బెర్లిన్‌లో వైద్య విద్యార్థిగా ఉండగా ఆ కణాలను చూసి నరాల కణాలనుకున్నాడు. అవి నరాలవి కావు, రోగనిరోధక వ్యవస్థవి. ఈ జబ్బు కణాలు చర్మం నుంచి వచ్చినవీ కావు, ఎముక మజ్జ నుంచి వచ్చినవని తర్వాతి పరిశోధన చెప్పింది. ఇది అసలు క్యాన్సరేనా అన్న తగువు చాలాకాలం నడిచింది. 2010లో, సగానికి పైగా రోగుల్లో బీరాఫ్ అనే జన్యువులో ఒకే మార్పు కనబడటంతో తూకం క్యాన్సర్ వైపు మొగ్గింది. పిల్లాడి తండ్రి "ఇంతకీ క్యాన్సరా కాదా సార్?" అని అడిగితే డాక్టరు సూటిగా జవాబు చెప్పకుండా నీళ్లు నమలడానికి ఈ చరిత్రంతా కారణం.

చెవికి సంబంధించినంతవరకు ఎల్‌సీహెచ్ ఇంకా గడుసుది. చెవి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది, చెవి కారుతుంది, చెవి మార్గంలో కండ కనిపిస్తుంది, చెవి వెనక మెత్తటి వాపు వస్తుంది. రాబ్డోమయోసార్కోమా ఒక చెవినే పడుతుంది, ఇది ఒక్కోసారి రెండు చెవులనూ పడుతుంది. రెండు చెవులూ కారుతున్నాయంటే ఇన్‌ఫెక్షనే కదా అనుకునేవాళ్లను అక్కడే పట్టుకుంటుంది. అయితే దీనికి చెవి బయట కొన్ని జాడలుంటాయి. నెత్తి మీద పసుపు పొక్కు కట్టి పసిపిల్లలకు వచ్చే మామూలు మాడు పొలుసులా కనిపించడం, గజ్జల్లో ఎంతకీ తగ్గని ఎర్రటి దద్దుర్లు, పళ్లు కదలడం. అన్నిటికంటే చెప్పుకోదగ్గది దాహం. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి కాడను ఈ కణాలు పడితే, మూత్రాన్ని అదుపులో పెట్టే హార్మోన్ తగ్గిపోయి పిల్లలు గ్లాసుల కొద్దీ నీళ్లు తాగుతూ రాత్రి పదేసిసార్లు లేస్తారు. చెవి కారడం చెవి డాక్టరుకు చూపిస్తారు, పొక్కు చర్మం డాక్టరుకు, దాహం ఎవరికీ చూపించరు. ఎండాకాలం కదా అనుకుంటారు. మూడూ ఒకే గదిలో ఒకరికే చెబితే జబ్బు పేరు సగం తెలిసినట్టే.

ప్రెడ్నిసొలోన్ పేచీ ఇప్పుడు అర్థమవుతుంది. ఎల్‌సీహెచ్‌కు ఇచ్చే అసలు వైద్యంలో ప్రెడ్నిసొలోన్ ఒక భాగం. మూతి వంకరకని పది రోజులు అది వాడితే జబ్బు నిజంగానే కొంత లొంగుతుంది, ఆపితే తిరగబడుతుంది. మధ్యలో ముక్క పరీక్ష చేస్తే ఏమీ తేలకపోనూవచ్చు. పేరు తెలియని జబ్బుకు స్టెరాయిడ్ ఇవ్వడమంటే, పని చేసినా నష్టమే, చెయ్యకపోయినా నష్టమే.

వైద్యం దగ్గరికొస్తే ఈ రెండు జబ్బులకూ మన పెరళ్లలో ఉండే ఒక మొక్కతో చుట్టరికం ఉంది. బిళ్ళగన్నేరు. ఎవరూ నాటకపోయినా గోడ పక్కన పెరిగి ఏడాదంతా పూసేది. షుగర్ తగ్గుతుందని దీని ఆకు నమిలేవాళ్లు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎందరో. జమైకాలోనూ అదే నమ్మకం. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ నమ్మకాన్ని పరీక్షించబోయారు. ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు తగ్గాయి. అందులోంచి విన్‌బ్లాస్టిన్ వచ్చింది, తర్వాత అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ పరిశోధకుల చేతుల్లో విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఎల్‌సీహెచ్‌కు విన్‌బ్లాస్టిన్, ప్రెడ్నిసొలోన్ కలిపి ఇస్తారు, మొదట వారం వారం, తర్వాత విడతలుగా ఏడాది దాకా. కాలేయం, ప్లీహం, మజ్జ దెబ్బతినని పిల్లలు దాదాపు అందరూ బతుకుతారు. ఇది చదివి ఎవరైనా ఆకు కషాయం కాచే ప్రమాదం ఉంది కాబట్టి చెబుతున్నాను: కొన్ని గ్రాముల మందుకు టన్నుల కొద్దీ ఆకు కావాలి, ఆ ఆకులో ఇంకా డెబ్భై రకాలకు పైగా ఆల్కలాయిడ్లు ఉంటాయి. కషాయంలో దిగేది వాటిలో ఏదో కాచినవాళ్లకూ తెలియదు.

రాబ్డోమయోసార్కోమాకు విన్‌క్రిస్టిన్‌తో పాటు యాక్టినోమైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. ఐరోపాలో చివరిదాని బదులు ఐఫాస్ఫమైడ్. చెవిలో ఉన్నదాన్ని పూర్తిగా కోసి తియ్యడం చాలావరకు కుదరదు, చుట్టూ ఉన్న నరాలు, రక్తనాళాలు ఒప్పుకోవు. అందుకని కీమోతో పాటు రేడియేషన్. మామూలుగా 28 సిట్టింగులు, వారానికి అయిదు చొప్పున అయిదున్నర వారాలు. పెద్దవాళ్లు మాస్కు కింద కదలకుండా పడుకుంటారు. మూడేళ్లవాణ్ణి కదలొద్దంటే వినడు కాబట్టి ప్రతి సిట్టింగుకూ మత్తివ్వాలి, అంటే ప్రతి రోజూ పొద్దున్నే ఏమీ పెట్టకుండా తీసుకురావాలి. రేడియేషన్ కంటే ఆకలితో ఉన్న పిల్లాణ్ణి ఊరుకోబెట్టడమే కష్టమని తల్లులు అంటారు.

1970లకు ముందు చెవిలో ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతకడం అరుదు. 1972లో అమెరికాలో వేర్వేరు పరిశోధన బృందాలు కలిసి, ఒక్కో ఆస్పత్రికి ఒకరిద్దరే వచ్చే ఈ రోగులను ఒకే పద్ధతిలో చూడటం మొదలుపెట్టాయి. మెదడు పొరల పక్కన ఉన్న కంతులు ఆ పొరల వెంట పాకి ప్రాణం తీస్తున్నాయని అలా పోగుచేసి చూసినప్పుడే తెలిసింది, రేడియేషన్ ఎక్కడి దాకా పడాలో అప్పుడే మారింది. ఇప్పుడు ఇలాంటి చోట్ల ఉన్న కంతి ఒంట్లో ఇంకెక్కడికీ పాకకుండా దొరికితే పదిమందిలో సుమారు ఏడుగురు అయిదేళ్లు దాటుతున్నారు. 2019లో వచ్చిన ఐరోపా ఫలితం ఒకటి ముచ్చటైనది. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న 371 మందిలో, మామూలు చికిత్స అయిపోయాక సగం మందికి ఆర్నెల్లపాటు తక్కువ మోతాదులో వినోరెల్బిన్ ఇంజక్షన్లు, రోజూ సైక్లోఫాస్ఫమైడ్ మాత్ర కొనసాగించారు. అయిదేళ్లు బతికినవాళ్లు అక్కడితో ఆపినవాళ్లలో నూటికి 73.7, కొనసాగించినవాళ్లలో 86.5. కొత్త మందేమీ కాదు, ఖరీదైన యంత్రమూ కాదు. వినోరెల్బిన్ కూడా బిళ్ళగన్నేరు సంతతే.

ఎముకలకో మజ్జకో పాకాక దొరికితే ఈ అంకెలు బాగా పడిపోతాయి. అందుకే మొదట్లో పోయిన నెలల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నది. హైదరాబాద్‌లో కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి, నీలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి మూడూ ప్రభుత్వానివే, మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి. విశాఖలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ వైద్యానికి డబ్బు కడుతుంది. కడుతున్నది జబ్బు పేరు తెలిశాక. పేరు తెలిసేలోపు తిరిగిన బస్సులకూ చుక్కలకూ సిరప్పులకూ ఏ కార్డూ లేదు.

అందరూ ప్రతి చెవిపోటుకూ క్యాన్సర్‌ను ఊహించుకుని బెంబేలెత్తాలా? అక్కర్లేదు, దానివల్ల ఎవరికీ లాభం లేదు. ఎమ్మారై యంత్రాలు చెవిపోటు పిల్లలతో నిండిపోతే నిజంగా కావలసినవాడు వరసలో చివర నిలబడతాడు. నాకు ఉపయోగంగా తోచేది ఇంతకంటే చిన్న పని. మందు రాసిన డాక్టరును లేచేముందు ఓ మాట అడగడం: "ఎన్ని రోజుల్లో తగ్గాలండీ? తగ్గకపోతే ఏం చేద్దాం?" ఈ రెండో ప్రశ్నకు "మందు మారుద్దాం" అన్న జవాబు ఒకసారి సరే. రెండోసారి కూడా అదే జవాబైతే, "చెవి శుభ్రం చేసి మైక్రోస్కోపులో చూస్తారా?" అని అడగవచ్చు. కొందరు డాక్టర్లకు ఈ ప్రశ్న నచ్చదు. నచ్చకపోయినా గడియారం మొదలవుతుంది. రక్తం కలిసిన చీము, ఒకే చెవి నెల దాటి ఎండకపోవడం, చెవి వెనకో మెడ మీదో గడ్డ, మూతి వంకర, మెల్లకన్ను, గొంతు మారడం, మింగడం కష్టం కావడం కనిపిస్తే ఆ ప్రశ్న దాకా ఆగనక్కర్లేదు, నేరుగా పెద్దాస్పత్రికే. వీటిలో చాలావాటికి చివరికి ఇన్‌ఫెక్షనే కారణమని తేలుతుంది. తేలనివ్వండి.

చికిత్స ముగిసిన పిల్లల చెవికి ఇంకో జీవితం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు. రేడియేషన్ పడిన చెవిలో చర్మం పొడిబారుతుంది, గుమిలి గట్టిపడుతుంది, యూస్టేషియన్ నాళం బిగుసుకుపోయి మళ్లీ నీరు చేరుతుంది. వినికిడి తగ్గుతుంది, ఆ వైపు ముఖం ఎముక రెండో వైపుతో సమానంగా పెరగకపోవచ్చు. ఎదుగుదలను నడిపే పిట్యూటరీ పక్కనే ఉంది కాబట్టి ఎత్తు కూడా ఏటా కొలవాలి. ఆ చెవి ఒకరోజు మళ్లీ కారుతుంది. ఇప్పుడు పొరపాటు రెండో వైపు తిరుగుతుంది: మామూలు ఇన్‌ఫెక్షన్ క్యాన్సర్‌లా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ జలుబన్న మాటే ఎత్తరు, అమ్మమ్మ కూడా నూనె జోలికి పోదు. ఎమ్మారైలో పాత మచ్చకూ కొత్త కంతికీ తేడా చెప్పడానికి రేడియాలజిస్టు మూడు నెలల కిందటి ఫిల్ము పక్కన పెట్టుకుని చూస్తాడు. ఏమీ పెరగలేదని తేలితే చెవి డాక్టరు చీము లాగేసి, లోపల కండ లేదని చూసి, రెండు వారాలకు చుక్కలు రాసి, చీటీ మీద మళ్లీ రావలసిన తేదీ వేస్తాడు. ఆ చుక్కలు బజార్లో అందరికీ దొరికేవే.